వెన్ను మెల్లగా సర్దితే ఆటిజం పిల్లల ఒళ్ళు కుదుటపడుతుందట, చేయించమంటారా?

రాయగడ_అమ్మ
సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మా బాబుకి వచ్చే మాఘానికి ఏడు నిండుతాయి. మూడేళ్ళప్పుడు విశాఖలో చూపిస్తే ఆటిజం అన్నారు. పదిహేను మాటల దాకా వచ్చాయి, సగం ఇంట్లో తెలుగు, సగం బళ్ళో ఒడియా. ఇప్పుడు నా బెంగ మాటల గురించి కాదు. వాడి ఒంట్లో కుదురు లేదు. కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుని గోడకేసి తల కొట్టుకుంటాడు. మిక్సీ వాడడం మానేసి ఏడాదయింది, చట్నీ రోట్లోనే నూరుతున్నాను. మునివేళ్ళ మీద నడుస్తాడు. చొక్కా మెడ పట్టీ తగిలితే చాలు, పీకి అవతల పారేస్తాడు. రాత్రి ఒంటిగంటయినా కన్ను మూతపడదు. వాడితో పాటు నేనూ, నాతో పాటు మా అత్తగారూ.

పోయిన నెల మా ఆడపడుచు ఒక వీడియో పంపింది. చైరోప్రాక్టిక్ అంటారట. పిల్లల వెన్నుని వేలికొసలతో చాలా మెల్లగా నొక్కి సర్దుతారు, చప్పుడు కూడా రాదు. మెడ దగ్గర ఎముక కాస్త పక్కకి జరిగి నరాల మీద ఒత్తిడి పడుతుందట, అందుకే పిల్లాడి ఒళ్ళు ఎప్పుడూ ఏదో ప్రమాదంలో ఉన్నట్టు బిగుసుకుని ఉంటుందట, సర్దితే నెమ్మదిస్తుందట. విశాఖలో ఒకచోటికి ఫోన్ చేశాను. వారానికి రెండుసార్ల చొప్పున 24 సార్లు రావాలన్నారు. మొత్తం 36 వేలు, ముందే కడితే కొంత తగ్గిస్తారట. రైల్లో వెళ్ళి రావడానికే ఒక రోజంతా పోతుంది. మా ఆయనది మిల్లులో కాంట్రాక్టు పని, నాగా పెడితే కూలి కోత.

డబ్బు గురించి ఆలోచించి వెనక్కి తగ్గితే, రేపు వాడికి నయమయ్యేదాన్ని నేనే ఆపేశానేమో అనిపిస్తుంది. ఎవరైనా చేయించారా? హాని ఏమైనా ఉందా? దయచేసి చెప్పండి.


గుణుపురం_నాన్న
సోమవారం, రాత్రి 11:58

అక్కా, మేం చేయించాం. మా పాపకి ఎనిమిదేళ్ళు. పోయిన సంవత్సరం విశాఖలోనే, మీరన్న చోటు కాదు, వేరే. పదిసార్లు వెళ్ళాం. ఆయన బలంగా ఏమీ చేయలేదు, మెడ తిప్పలేదు. పాపని బోర్లా పడుకోబెట్టి వెన్ను పొడుగునా వేళ్ళతో నొక్కేవాడు, పది నిమిషాలు. వెళ్ళిన ప్రతి రోజూ రాత్రి పాప తొమ్మిదిన్నరకే నిద్రపోయింది. మా ఇంట్లో అది పండగ. డబ్బు అయిపోయి ఆపేశాం. ఆపాక మళ్ళీ మామూలే. నాకు తెలిసింది ఇదీ, ఉన్నదున్నట్టు చెప్పాను.


జయపురం_ఫిజియో
మంగళవారం, ఉదయం 7:15

అమ్మా, నేను పదకొండేళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. ముందు హాని సంగతి చెబుతాను, మిగతావన్నీ తర్వాత.

మెడని ఎవరూ గబుక్కున తిప్పకూడదు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాలుగు ధమనుల్లో రెండు మెడ ఎముకల్లోని రంధ్రాల గుండా పైకి వెళతాయి. మెడ ఒక్కసారిగా మెలితిరిగితే వాటి లోపలి పొర చీలే ప్రమాదం ఉంది. అరుదే గానీ, జరిగితే పక్షవాతం దాకా వెళుతుంది. పసిపిల్లల కీళ్ళ బంధనాలు ఇంకా వదులుగా ఉంటాయి, ఎముకల చివర్లు మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. 2019లో ఆస్ట్రేలియాలో చైరోప్రాక్టిక్ బోర్డు, అంటే ఆ వృత్తి వాళ్ళ సొంత బోర్డే, రెండేళ్ళలోపు పిల్లలకు వెన్నెముక మానిప్యులేషన్, అంటే వెన్నుని చేత్తో నెట్టి సర్దడం, చేయవద్దని తన సభ్యులకు చెప్పింది. మీ బాబుకి ఏడు వస్తున్నా నా మాట అదే: మెడ జోలికి వద్దు.

వేలికొసలతో మెల్లగా నొక్కడం వేరే సంగతి. దానివల్ల హాని దాదాపు ఉండదు. కానీ అప్పుడు అడగాల్సిన ప్రశ్న మారుతుంది. అంత మెల్లగా నొక్కితే ఏ ఎముక ఎక్కడికి జరిగింది? నిజంగా ఎముక కీలు లోంచి పాక్షికంగా జరిగితే దాన్ని మేమూ సబ్‌లక్సేషన్ అనే అంటాం, అది ఎక్స్‌రేలో కనిపిస్తుంది, పిల్లాడు నొప్పితో మెడ కదపలేడు. చైరోప్రాక్టర్లూ అదే మాట వాడతారు, కానీ వాళ్ళు చెప్పే సబ్‌లక్సేషన్ ఇది కాదు.

ఈ పద్ధతి 1895లో అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో పుట్టింది. డి.డి. పామర్ అనే ఆయన, వినికిడి పోయిన హార్వీ లిలార్డ్ అనే పనివాడి వెన్ను సర్దితే అతనికి మళ్ళీ వినపడిందని చెప్పాడు. అక్కడి నుంచే రోగాలన్నిటికీ వెన్నెముకే మూలం అన్న మాట మొదలైంది. వినికిడి నరం చెవి నుంచి మెదడుకి పుర్రె లోపలే వెళుతుంది, వెన్నులోకి దిగనే దిగదు. అలాగే ఒంటిని నెమ్మదింపజేసే వేగస్ నరం పుర్రె అడుగున ఉన్న రంధ్రంలోంచి నేరుగా మెడ మెత్తటి భాగంలోకి దిగుతుంది. వెన్నుపూసల మధ్య నలిగిపోవడానికి అది ఆ దారినే పోదు.

పెద్దవాళ్ళ నడుంనొప్పికి ఈ పద్ధతి కొంత ఉపయోగపడుతుంది, అది నేను కాదనను. ఆటిజానికి మాత్రం ఒకరిద్దరు పిల్లల కథనాలు, చిన్నచిన్న ప్రయత్నాలు తప్ప గట్టి పరీక్ష ఏదీ లేదు. ఇంకొకటి, మన దేశంలో చైరోప్రాక్టర్లకు ప్రభుత్వ కౌన్సిల్ లేదు. ఎవరు ఎక్కడ ఎంత నేర్చుకున్నారో చూసేవాళ్ళు లేరు. ఏదైనా జరిగితే ఫిర్యాదు చేయడానికి ఆ వృత్తి మీద అజమాయిషీ ఉన్న కౌన్సిల్ ఉండదు.


గుణుపురం_నాన్న
మంగళవారం, ఉదయం 8:40

సార్, మీరు చదువుకున్నారు, కాదనను. కానీ మా పాప ఆ రోజుల్లో నిద్రపోయింది. నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. అది అబద్ధమంటారా?


పర్లాకిమిడి_మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 2:05

బాబూ గుణుపురం, నీ పాప నిద్రపోయిందన్నది నిజం. ఎవరూ కాదనడం లేదు. ఎందుకు నిద్రపోయిందన్నదే తేలాలి. నేను ముప్పై నాలుగేళ్ళు బళ్ళో సైన్సు చెప్పాను, మా మనవడికీ ఆటిజమే, కాబట్టి ఈ ఆశ ఎలాంటిదో నాకు బయటినుంచి చూసి తెలిసింది కాదు.

ఒక సంగతి చెబుతాను. 1990ల చివర్లో అమెరికాలో సెక్రెటిన్ అనే జీర్ణరసపు హార్మోనుని సూదిగా ఇస్తే ఆటిజం పిల్లలు మారిపోతున్నారని పెద్ద హోరు లేచింది. ఒక పిల్లాడికి వేరే పరీక్ష కోసం ఇస్తే మాటలొచ్చాయని కథ. వేలమంది తల్లిదండ్రులు దాని వెంట పడ్డారు. 1999లో అరవై మంది పిల్లల్ని తీసుకుని, సగం మందికి ఆ సూది, సగం మందికి ఉత్త ఉప్పునీరు ఇచ్చారు. ఎవరికి ఏదిచ్చారో తల్లిదండ్రులకీ తెలియదు, చూసే డాక్టర్లకీ తెలియదు. నాలుగు వారాల తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ పిల్లలు మెరుగయ్యారు, ఇంచుమించు సమానంగా. ఉప్పునీటి పిల్లల తల్లిదండ్రులు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ పిల్లలు నిజంగానే కాస్త మెరుగ్గా ఉన్నారు.

ఎందుకంటే మనం పిల్లల్ని కొత్త వైద్యానికి తీసుకెళ్ళేది వాళ్ళు మరీ అధ్వానంగా ఉన్నప్పుడు. అల ఎంత పైకి లేచినా దిగక తప్పదు. దిగేటప్పుడు మన చేతిలో ఏ మందు ఉంటే దానికే పేరొస్తుంది. పైగా ఆ రోజుల్లో మనమూ ఆశతో ఉంటాం, గొంతు తగ్గించి మాట్లాడతాం, పిల్లాడి మీద ఒక కన్ను ఎక్కువ వేస్తాం.

అందుకే నీకో పని చెబుతాను, చేస్తావా? అప్పుడు విశాఖ వెళ్ళిన రోజు పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏం జరిగేదో గుర్తు తెచ్చుకుని రాయి. పాప ఎన్నింటికి లేచేది, ఏం తినేది, బడి ఉండేదా, అన్నీ. ఒక్క నొక్కుడు మాత్రమే కాదు.


నిశ్శబ్దం_కావాలి
మంగళవారం, రాత్రి 9:30

నేను బరంపురంలో ఉంటాను. నాకు 24. నాకు ఆటిజం ఉందని పందొమ్మిదో ఏట తెలిసింది. ఇక్కడ తల్లిదండ్రులే ఎక్కువ మాట్లాడతారు కాబట్టి లోపలి నుంచి ఎలా ఉంటుందో రాస్తున్నాను.

కుక్కర్ కూత నాకు చెవిలో వినపడదు. పళ్ళల్లో వినపడుతుంది. బుఢీ ఠాకురాణి యాత్ర నెలలో మా వీధిలో డప్పులు మొదలైతే నా చర్మం నొప్పెడుతుంది. అది మొండితనం కాదు, భయమూ కాదు. అందరికీ దూరంగా వినిపించే చప్పుడు నాకు ఒంటి మీద పడుతుంది. అప్పుడు ఎవరైనా ‘ఏం కాదులే’ అని వీపు మీద తేలిగ్గా నిమిరితే ఇంకా భరించలేను. తేలికైన స్పర్శ చీమలు పాకినట్టుంటుంది. గట్టిగా అదిమితే మాత్రం ఊపిరి ఆడుతుంది. చిన్నప్పుడు పరుపుకీ గోడకీ మధ్య దూరి పడుకునేవాణ్ణి. మా అమ్మ లాగి కొట్టేది, పాపం ఆమెకేం తెలుసు.

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అని ఆటిజం ఉన్న శాస్త్రవేత్త ఉన్నారు. పశువులకి టీకా వేసేటప్పుడు రెండు పక్కలా అదిమిపట్టే చట్రం చూసి, కొన్ని పశువులు అందులో నెమ్మదించడం గమనించి, పద్దెనిమిదేళ్ళ వయసులో తనకోసం అలాంటిది చేసుకున్నారు. ఎంత ఒత్తిడి కావాలో మీట తన చేతిలోనే ఉండేది. నేను చెప్పదలచుకున్నది ఆ మీట గురించే.

రాయగడ అక్కా, మీ బాబు నోటితో వద్దనలేడు. కానీ ఒంటితో అంటాడు. భుజాలు పైకి లేపుతాడు, వేళ్ళు ముడుస్తాడు, ఊపిరి బిగబడతాడు, తల తిప్పేస్తాడు. కొత్త గదిలో, కొత్త మనిషి చేతికింద బోర్లా పడుకోబెట్టినప్పుడు వాడు కదలకుండా ఉంటే నెమ్మదించాడని అనుకోకండి. నేనూ కదలకుండా ఉండేవాణ్ణి, అయిపోతే చాలని.


రాయగడ_అమ్మ
మంగళవారం, రాత్రి 10:10

తమ్ముడూ, నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. మా వాడు కూడా బీరువాకీ గోడకీ మధ్య దూరతాడు. నేను లాగేస్తున్నాను. ఇక లాగను.


బరంపురం_ఓటీ
బుధవారం, ఉదయం 6:50

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, పిల్లలతోనే పని. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

గుణుపురం గారి పాప ఎందుకు నిద్రపోయిందో నాకు తోచిన కారణం చెబుతాను. చర్మం అడుగున, కండరాల్లో, కీళ్ళల్లో ఒత్తిడిని గుర్తించే గ్రాహకాలుంటాయి. గట్టిగా, ఒకే వేగంతో, ఎప్పుడు ఎక్కడ పడుతుందో ముందే తెలిసేలా ఒత్తిడి పడితే కొంతమంది పిల్లల్లో గుండె వేగం తగ్గుతుంది, ఊపిరి నిదానిస్తుంది. వెన్ను పొడుగునా పది నిమిషాలు నొక్కితే జరిగేది అదే కావచ్చు. ఎముక ఎక్కడికీ జరగనక్కర్లేదు. ఆ ఒత్తిడి తల్లి చేతిలోనూ ఉంటుంది, తండ్రి చేతిలోనూ ఉంటుంది.

మా పని వేర్లు జీన్ ఏర్స్ దగ్గర ఉన్నాయి. ఆమె కూడా ఆక్యుపేషనల్ థెరపిస్టే, అమెరికాలో 1970ల్లో ఈ ఇంద్రియ సమన్వయం అన్న ఆలోచనని నిలబెట్టింది. మనకి చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ కాక ఇంకో రెండు ఉన్నాయి. కీళ్ళూ కండరాలూ ఎక్కడున్నాయో చెప్పేది ఒకటి, లోపలి చెవిలో ఉండి తూకం, ఊగడం, తిరగడం చెప్పేది ఇంకొకటి. మీ బాబు మునివేళ్ళ మీద నడవడం, ఇరుకులో దూరడం, వాడి ఒళ్ళు ఆ మొదటి దాన్ని ఎక్కువగా అడగడం కావచ్చు. 2013 నుంచి ఆటిజం నిర్ధారణ సూత్రాల్లో ఈ ఇంద్రియ తేడాలు కూడా చేరాయి. అంతకు ముందు తల్లులు చెబితే చాలామంది డాక్టర్లు పట్టించుకునేవాళ్ళు కాదు.

నా సొంత వృత్తి గురించి కూడా నిజమే చెప్పాలి. మేం చేసేదంతా రుజువైంది కాదు. 2022లో బ్రిటన్‌లో 138 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో మా పద్ధతి థెరపీ మామూలు సేవల కన్నా ప్రవర్తనలో పెద్ద తేడా చూపలేదు. బరువు దుప్పట్లు అంటారు కదా, 2014లో 67 మంది పిల్లలకి ఇచ్చి చూశారు, నిద్ర పెరగలేదు. పిల్లలకీ తల్లిదండ్రులకీ మాత్రం ఆ దుప్పటి నచ్చింది. కాబట్టి నేను ఎవరికీ 24 సార్లు అని ముందే రాసివ్వను. ఒక్క పని ఎంచుకుంటాను, ఉదాహరణకి చొక్కా వేసుకుని పది నిమిషాలు ఉండటం. ఆరు వారాల్లో అది కదలకపోతే నా దారి తప్పని ఒప్పుకుని మారుస్తాను.

ఇంట్లో చేయగలిగింది చెబుతాను. మన ఇళ్ళల్లో ఉన్నవే. చీర ఉయ్యాల కట్టండి. అది ఒళ్ళంతా చుట్టి అదుముతుంది, ఒకే లయలో ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఇంతకన్నా మంచి పరికరం నా గదిలో లేదు. తిప్పకండి, ఊపండి చాలు. బడికి వెళ్ళే ముందు బరువు పని చెప్పండి: సగం నిండిన బిందె వరండా దాకా మోయడం, చపాతీ పిండి పిసకడం, రోటి దగ్గర మీ పక్కన రోకలి పట్టుకోవడం. మిక్సీ మానేసి రోట్లో నూరుతున్నానన్నారు కదా, మీకు తెలియకుండానే సగం థెరపీ అక్కడుంది, వాణ్ణి కూడా కూర్చోబెట్టండి. కుక్కర్ పెట్టే ముందు చెవులు మూసే హెడ్‌ఫోన్ ఇచ్చి, కూత వస్తుందని వేళ్ళతో లెక్క చూపించండి. రాత్రి పడుకునే ముందు అరచేతితో భుజాల నుంచి కాళ్ళ దాకా గట్టిగా, నిదానంగా అదమండి. వాడు చెయ్యి తోసేస్తే ఆ క్షణమే ఆపండి.

ఇంకొక్కటి, ఇది ముందే రాయాల్సింది. తల కొట్టుకోవడం, నిద్ర లేకపోవడం ఈ మధ్యే పెరిగిందా? అయితే ముందు పిల్లల డాక్టరు చేత చెవి, పళ్ళు, పొట్ట చూపించండి. మాట లేని పిల్లాడికి మలబద్ధకం ఉన్నా, పుచ్చుపన్ను ఉన్నా చెప్పే దారి అదే.


కాశీనగర్_కుర్రాడు
బుధవారం, సాయంత్రం 5:30

మా మామ్మ చెబుతుంటే నేను రాస్తున్నాను. ఆవిడకి 78.

‘‘అమ్మా, నీ గుంటడి గురించి మా మనవడు చదివి వినిపించాడు. మా కాలంలో ఇన్ని పేర్లు లేవు. నా మరిది కొడుకు ఇలాగే ఉండీవోడు. ఎవులూ ముట్టుకోకూడదు, ఉరుమొస్తే గాదె కింద దూరీవోడు. వాడికి మా అత్త రోజూ నువ్వులనూనె రాసి, కాళ్ళు సాపి కాళ్ళ మీద పడుకోబెట్టి, ఈపు మీద గట్టిగా రాసీది. ఎప్పుడూ అదే వరస, ముందు అరికాళ్ళు, ఆనక పిక్కలు, ఆనక ఈపు. వరస తప్పితే ఏడిసీవోడు. వాడు బాగయిపోనేదు, ఇప్పటికీ అలాగే ఉన్నాడు, కానీ మేకల్ని సూసుకుంటాడు, పూట పూటా తింటాడు, రేత్రి పడుకుంటాడు. ఎముకలు లాగీవోళ్ళ దగ్గరికి మాత్రం తీసుకెల్లనేదు మా అత్త. సెయ్యి ఇరిగితే ఎల్లాలి, బుర్రకి ఎందుకు అనీది.’’


బరంపురం_ఓటీ
బుధవారం, రాత్రి 8:15

మామ్మగారికి నా నమస్కారాలు చెప్పు తమ్ముడూ. ‘ఎప్పుడూ అదే వరస’ అన్నారే, మా చదువంతా ఆ మాటలో ఉంది. తర్వాత ఏం వస్తుందో తెలిస్తే ఒళ్ళు బిగుసుకోదు.


తెరుబలి_అత్త
గురువారం, ఉదయం 10:00

కాగితాల సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. నా కూతురికి పదమూడేళ్ళు, ఈ ఆఫీసులన్నీ తిరిగాను.

అమ్మాయ్, ముందు దివ్యాంగ ధ్రువపత్రం, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు చేయించావా? 2016 దివ్యాంగుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. మన జిల్లా ప్రధాన ఆసుపత్రిలో చేస్తారు. ఇసా అనే పట్టికతో లెక్క కడతారు, నలభై ప్రశ్నలుంటాయి, మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం కింద రాస్తారు. ఆ పట్టిక తయారుచేసింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం నడిచే జాతీయ సంస్థే. వెళ్ళేముందు వాడి అలవాట్లు ఒక కాగితం మీద రాసుకో, అక్కడ కూర్చున్నాక సగం మర్చిపోతాం. ఆ రోజు బాబు బుద్ధిగా ఉంటే ఏమీ లేదంటారేమోనని నేను భయపడ్డాను. ఫోన్లో తీసిన వీడియోలు చూపించు, పనికొస్తాయి.

కార్డు వచ్చాక నిరామయ అనే ఆరోగ్య బీమాలో చేర్పించు. ఏడాదికి లక్ష దాకా ఉంటుంది, థెరపీ ఖర్చుకి కూడా అందులో కొంత వస్తుంది. అదే జిల్లా ఆసుపత్రిలో పిల్లల కోసం డీఈఐసీ అనే విభాగం ఉంటుంది, పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూస్తారు, డబ్బు తీసుకోరు. అక్కడ థెరపిస్టు ఉన్న రోజు ఏదో ముందే కనుక్కుని వెళ్ళు. లేకపోతే కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది. దూరమే, కానీ ఒకసారి వెళ్ళి ఇంట్లో చేసేవి నేర్చుకుని రావచ్చు. 36 వేలతో అలాంటి ప్రయాణాలు ఎన్ని అవుతాయో లెక్క వేసుకో.


రాయగడ_అమ్మ
గురువారం, రాత్రి 11:05

అందరికీ దండాలు. ఇవాళ ఆ విశాఖ వాళ్ళకి మళ్ళీ ఫోన్ చేశాను. మీరు చెప్పినవి రాసుకుని అడిగాను. మెడ ముట్టుకుంటారా అంటే ‘అవసరాన్ని బట్టి’ అన్నారు. పిల్లాడు వద్దంటే ఆపుతారా అంటే ‘మొదట్లో అందరూ ఏడుస్తారమ్మా, అలవాటవుతుంది’ అన్నారు. ఆరుసార్లు అయ్యాక తేడా లేకపోతే మిగతా డబ్బు ఇస్తారా అంటే ప్యాకేజీ వెనక్కి ఇవ్వం అన్నారు. వీపు మీద వేడి కొలిచే స్కానింగ్ చేసి నరాల్లో ఎక్కడ అడ్డం ఉందో రంగుల్లో చూపిస్తారట, దానికి వేరే డబ్బు.

‘ఏడిస్తే అలవాటవుతుంది’ అన్న మాట దగ్గరే నా మనసు విరిగింది. తమ్ముడు రాసింది గుర్తొచ్చింది.

ఇంకొకటి అడగనా? ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, రెండూ కలిసి వాడి బుర్ర గందరగోళం అవుతోంది, తెలుగు మానెయ్యండి అని ఒక టీచరమ్మ అన్నారు. నిజమా?


జయపురం_ఫిజియో
శుక్రవారం, ఉదయం 7:00

వేడి కొలిచే స్కాన్ చర్మం వేడినే చూపిస్తుంది. ఫ్యాను గాలి తగిలినా, పిల్లాడు ఏడ్చినా రంగు మారుతుంది. ఆటిజం గురించి అది ఏమీ చెప్పదు.


బరంపురం_ఓటీ
శుక్రవారం, ఉదయం 7:40

తెలుగు మానకండి అమ్మా. ఆటిజం పిల్లలు రెండు భాషల మధ్య పెరిగితే మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. మీ అత్తగారు వాణ్ణి లాలించేది ఏ భాషలోనో ఆ భాష వాడికి కావాలి.


మొహనా_పెద్దన్న
శుక్రవారం, మధ్యాహ్నం 1:20

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా చెల్లెలి కూతురికి డౌన్ సిండ్రోమ్, ఆటిజం లక్షణాలు కూడా ఉన్నాయంటున్నారు. ఊళ్ళో ఒకాయన మెడ సర్దుతానంటున్నాడు. మెల్లగానే అంటున్నాడు. పంపమంటారా?


జయపురం_ఫిజియో
శుక్రవారం, మధ్యాహ్నం 1:26

పంపవద్దు. ఇప్పుడే ఫోన్ చేసి ఆపండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడ మొదటి రెండు ఎముకల మధ్య బంధనాలు వదులుగా ఉంటాయి. అక్కడ మెలితిప్పితే వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. పాప నడక తూలుతున్నా, మెడ ఒక పక్కకి వంచి ఉంచినా, కొత్తగా పక్క తడుపుతున్నా ఆలస్యం చేయకుండా బరంపురం మెడికల్ కాలేజీకి తీసుకెళ్ళండి.


మొహనా_పెద్దన్న
శుక్రవారం, మధ్యాహ్నం 1:50

ఆపేశాం సార్. ఆదివారానికి మాట ఇచ్చేశారు మావాళ్ళు. చేతులు వణుకుతున్నాయి నాకు.


గుణుపురం_నాన్న
ఆ పై వారం ఆదివారం, రాత్రి 9:15

మాస్టారూ, మీరు చెప్పినట్టు రాశాను. నేనూ, మా ఆవిడా కూర్చుని ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాం.

విశాఖ వెళ్ళే రోజు పాపకి బడి లేదు. తెల్లవారుజామున లేపేవాళ్ళం. గుణుపురం నుంచి పాసింజర్లో నౌపడా మీదుగా గంటలు గంటలు కిటికీ దగ్గర కూర్చునేది, ఒకటే ఊపు, ఒకటే చప్పుడు. పర్లాకిమిడి దాటాక నా ఒళ్ళో తల పెట్టేది. అక్కడ గది చల్లగా, చీకటిగా ఉండేది, ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. వచ్చేటప్పుడూ రైలే. రోజంతా నేను పక్కనే. మామూలు రోజుల్లో నేను దుకాణం మూసి వచ్చేసరికి పది దాటుతుంది.

అంటే నొక్కినందుకు పడుకుందో, తెల్లవారకుండా లేచినందుకు పడుకుందో, రైలు ఊపుకి పడుకుందో, నేనున్నందుకు పడుకుందో నాకు ఇప్పుడు తెలియడం లేదు. అందుకని ఈ వారం నుంచి తొమ్మిదింటికే దుకాణం మా తమ్ముడికి అప్పజెప్పి వస్తున్నాను. దీపం ఆర్పి, చాప మీద పడుకోబెట్టి, ఆయన నొక్కినట్టే పది నిమిషాలు వీపు నొక్కుతున్నాను. ఏడు రాత్రుల్లో నాలుగు రాత్రులు పదిలోపు పడుకుంది. రోజూ పుస్తకంలో రాస్తున్నాను.


పర్లాకిమిడి_మాస్టారు
తర్వాతి సోమవారం, ఉదయం 6:10

రాస్తూ ఉండు బాబూ. పడుకోని మూడు రాత్రులూ కూడా రాయి, అవే ఎక్కువ చెబుతాయి.


రాయగడ_అమ్మ
ఏడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:50

ఇన్నాళ్ళూ రాయలేదు, క్షమించండి. విశాఖ వెళ్ళలేదు. బరంపురం గారు చెప్పినట్టు ముందు పిల్లల డాక్టరుకి చూపించాం. పొట్ట ముట్టుకుని చూసి, మలం గట్టిపడి పేరుకుపోయిందన్నారు. ఎన్ని నెలల నుంచో. నేను రోజూ వెళుతున్నాడనే అనుకున్నాను. మందు ఇచ్చారు, నీళ్ళు, అరటిపళ్ళు, రాగి అంబలి. మూడో వారం నుంచి తల కొట్టుకోవడం బాగా తగ్గింది. నొప్పితో కొట్టుకుంటున్నాడు నా బిడ్డ, నేను చెవుల గురించి అనుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు తడుస్తాయి.

కుక్కర్ అంటే ఇంకా పడదు. కానీ హెడ్‌ఫోన్ తానే వెళ్ళి తెచ్చుకుంటున్నాడు. పొద్దున్నే బిందె మోస్తాడు, నీళ్ళు సగం దారిలోనే పోతాయి, పోనీ. మెడ పట్టీలన్నీ కత్తిరించేశాను. నిద్ర పన్నెండుకి వచ్చింది, కొన్ని రోజులు మళ్ళీ ఒంటిగంట. బీరువా పక్కన సందులో పాత బొంత వేసి ఉంచాను, అది వాడి చోటు. కార్డుకి అప్లై చేశాం, ఇంకా రాలేదు.

ఒక్కటి మిగిలిపోయింది, ఉయ్యాల. మా అత్తగారు చీర కట్టారు గానీ కిటికీ ఊచకి కట్టారు, నాకు భయంగా ఉంది, వాడిప్పుడు 21 కిలోలు. కొక్కెం ఎలా వేయించాలి?


బరంపురం_ఓటీ
ఆదివారం, ఉదయం 7:30

కిటికీ ఊచ వద్దు, ఇవాళే విప్పేయండి. దూలానికి గానీ స్లాబులోని ఇనుముకి గానీ మేస్త్రీ చేత పెద్ద కొక్కెం వేయించండి. కింద పరుపు, చుట్టూ చేతులు చాచినంత ఖాళీ ఉండాలి. చీర వాడి నడుం ఎత్తుకి మించి లేవకూడదు. మెడ చుట్టూ మడత పడకుండా, వాడు ఉన్నంతసేపూ మీలో ఒకరు పక్కనే ఉండండి. మొదటి రోజు వాణ్ణి ఎక్కించే ముందు మీ ఆయన్ని కూర్చుని చూడమనండి, ఆయన బరువు ఆగితే వాడి బరువు ఆగుతుంది.


రాయగడ_అమ్మ
ఆదివారం, ఉదయం 8:05

విప్పేశాం. మా నడవాలో టేకు దూలం ఉంది, గట్టిదే. దాని పక్కనే ఫ్యాను ఉంది, అది తీయించి ఇవతల గదిలో పెట్టిస్తాం. మేస్త్రీ మంగళవారం వస్తానన్నాడు.